ఊరూ పేరూ రొట్టీ

మా కుటుంబం మొత్తంలో ఇంటిపేరు అక్షరం పోకుండా, చుక్క తగలకుండా నిలబెట్టుకున్న ప్రాణి ఒక్కటే. అది మా కుక్క.

నా సంగతే చూడండి. బళ్లో వేసిన రోజునే పంతులుగారు మా ఇంటిపేరుని కత్తిరించి ఒక్క అక్షరం మిగిల్చి, పక్కన చుక్క పెట్టారు. ఆధార్ కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ చుక్క కూడా రాలిపోయింది. మా తమ్ముడిది మరీ అన్యాయం. పాస్‌పోర్టు ఫారంలో ఏ గడిలో ఏది రాశాడో ఏమో, డాలస్‌లో వాణ్ణి అందరూ 'మిస్టర్ వెంకట' అంటారు. వాడి పెళ్లాం మిసెస్ వెంకట. పిల్లలిద్దరి ఇంటిపేరూ వెంకటే. ఏడుకొండలవాడి పేరు సగానికి విరిచి ఇంటిపేరు చేసుకున్న ఘనత మా వంశానిదే అనుకున్నాను గానీ, వాళ్ల వీధిలోనే ఇంకో రెండు వెంకట కుటుంబాలున్నాయట. బంధువులు కారు.

ఇక కుక్క విషయం. పోయినేడు టీకా వేయించడానికి తీసుకెళ్తే, ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని అడిగింది.

"పెట్ నేమ్ సార్?"

"రొట్టి."

"లాస్ట్ నేమ్?"

"కుక్కకి ఇంటిపేరేమిటమ్మా?"

"ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకి పోదు సార్."

మనుషులకి కుదరని ముచ్చట కుక్కకైనా తీరనిద్దామని పూర్తిగా చెప్పాను. పది నిమిషాల్లో కార్డు అచ్చయి వచ్చింది. నాలుగు తరాలుగా ఎవరి కాగితాల్లోనూ సరిగ్గా పడని మా ఇంటిపేరు, స్పెల్లింగ్ తప్పు లేకుండా, రొట్టి పక్కన మెరుస్తూ కనబడింది. ఇంటికొచ్చి అమ్మకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అయితే గోత్రం కూడా మనదేనా?" అని అడిగింది.

రొట్టి వెనక కథ పెద్దదేం కాదు. నాలుగేళ్ల కిందట వానాకాలంలో మా అపార్ట్‌మెంటు సెల్లార్లో వణుకుతున్న కుక్కపిల్లని మా అమ్మాయి చెప్పుల డబ్బాలో పెట్టి పైకి తెచ్చింది. "రెండు రోజులే నాన్నా" అంది. మూడో నెల అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి అది వెళ్లిపోయింది, ఇది ఉండిపోయింది. జాతి కుక్క కాదు, అచ్చమైన ఊరకుక్క. రంగు మాత్రం బాగా కాలిన గోధుమరంగు. అది గుండ్రంగా ముడుచుకు పడుకుంటే చూసి అమ్మే అంది, మూకుట్లో మూతపెట్టి నిప్పుల మీద కాల్చిన దిబ్బరొట్టిలా ఉందని. పేరు అలా స్థిరపడింది. దీనివల్ల వచ్చిన చిక్కేమిటంటే, పొద్దున్నే పార్కులో "రొట్టీ! రొట్టీ!" అని అరుస్తూ పరిగెత్తే మనిషిని నేనే. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ మొదటివారం చూసి చూసి, ఓ రోజు తన టిఫిన్ డబ్బా తీసి, "రెండున్నయ్ సార్, ఒకటి తినుండ్రి" అన్నాడు.

కుక్క గడప లోపలికొస్తే కాశీ వెళ్లిపోతానని ప్రకటించిన అమ్మ ఇంకా వెళ్లలేదు. ముట్టుకోదు, మాట్లాడుతుంది, అంతే. కానీ ఆ మాట్లాడటం రోజుకి నాలుగు గంటలు. అమ్మ దండెం మీద చీర కర్రతో తీసిందంటే మడి మొదలైనట్టు. రొట్టి వెంటనే లేచి వంటింటి గడప అవతల, సరిగ్గా గీత గీసినట్టు, కూర్చుంటుంది. మడి అంటే ఏమిటో మా అమ్మాయికి పాతికేళ్లొచ్చినా తెలియలేదు. దీనికి మూడు రోజుల్లో తెలిసింది. దానికి తోడు, కుక్కలకి ఉల్లిపాయ, వెల్లుల్లి పడవు, పెట్టకూడదని పశువుల డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక అమ్మకి దాని మీద గౌరవం పుట్టింది. "మా అత్తగారు కూడా కార్తీకమాసంలోనే మానేసేవారు. ఇది బారామాసీ" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

కార్డు వచ్చిన రాత్రే అమ్మ పెద్ద ప్రశ్న వేసింది. "ఇంటిపేరు ఊరు ఒక్కసారైనా చూడకపోతే ఎలారా?"

మా ఇంటిపేరు ఓ ఊరి పేరు. ఏ ఊరో ఇక్కడ రాయొద్దని అమ్మే నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది. మా నాన్న పుట్టింది కాకినాడలో, ఉద్యోగం చేసింది సికింద్రాబాదులో. ఆయన తాతగారికే ఆ ఊరు కథల్లో ఊరు. అన్నిటికన్నా చోద్యం, అమ్మకి ఈ ఇంటిపేరు పెళ్లితో వచ్చింది. పుట్టింటి పేరు వేరు, ఆ ఊరు వేరు. అయినా మా వంశం మీద మాకెవరికీ లేని పట్టుదల ఆవిడకే. కోడళ్లు నిలబెట్టకపోతే తెలుగుదేశంలో సగం వంశాలకి ఊరూ పేరూ ఉండేవి కావని నా అనుమానం.

ఫోన్‌లో మ్యాపు తెరిచి ఊరి పేరు కొట్టాను. మూడు వచ్చాయి. ఒకటి గుంటూరు వైపు, ఒకటి నెల్లూరు వైపు, ఒకటి కోనసీమలో రాజోలుకి దగ్గర. నేను చరిత్రకారుడిలా గడ్డం నిమురుకున్నాను. అమ్మ మాత్రం గోడమీది క్యాలెండరు చూసింది. ఉగాది వెళ్లి రెండు వారాలైంది.

"ఇప్పుడు లేత పనసకాయలు వస్తుంటాయి. కోనసీమదే మన ఊరు" అంది.

అలా మా మూలాలు తేలిపోయాయి.

ఎలా వెళ్లడం అన్నది తరవాతి సమస్య. రైలు అనుకున్నాం. రైల్వేవారి నియమం ప్రకారం కుక్కని మనతోపాటు కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో కేబినో మొత్తం మనమే తీసుకోవాలి. లేదంటే గార్డుగారి బ్రేక్‌వ్యాన్‌లో కుక్కల పెట్టెలో పంపాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ ఏదీ కుదరదు. అమ్మ ఇది విని నిట్టూర్చింది. "మీ నాన్న రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసినా నేను ఫస్ట్ క్లాసు మొహం చూడలేదు. దీని పుణ్యమా అని చూద్దామా?" ధర చెప్పాక కారుకే ఓటు వేసింది.

ప్రయాణం ఖాయమైందని మా ఇంట్లో టికెట్ల వల్ల తెలీదు, చింతపండు వల్ల తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం అమ్మ గిన్నెలో చింతపండు నానబెట్టిందంటే ఇక ఆ ప్రయాణాన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. ఆ పులుసు నూనెలో పచ్చిమిరపకాయలూ కరివేపాకూ పడి, చిక్కబడి, నూనె పైకి తేలేదాకా ఉడకాలి. అన్నం వార్చి పళ్లెంలో ఆరబోసి, పసుపూ పచ్చినూనే చల్లి, పులుసు కలిపి, పోపులో వేరుశెనగ గుళ్లు దండిగా వేసి, ఆఖరున ఇంగువ. తెల్లారుజామున మూడింటికి ఆ ఇంగువ వాసనకి పక్కింటివాళ్లు కూడా ప్రయాణానికి లేచి కూర్చుంటారు. దారి పొడుగునా ఇన్ని హోటళ్లుంటే ఈ మోత ఎందుకని మా ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ మొదటి పొట్లం తనే విప్పుతుంది. పెద్ద స్టీలు డబ్బాలో మాకు పులిహోర, చిన్న డబ్బాలో రొట్టికి ఉప్పూ పోపూ లేని పెరుగన్నం.

చౌటుప్పల్ దాకా రొట్టి రాణీలా కిటికీలోంచి చూసింది. సూర్యాపేట దాటాక చిన్న డబ్బాలోది మొత్తం నా ఒళ్లోకి వచ్చేసింది. మా ఆవిడ కారు నడుపుతోంది. "మీ పంచె మారుస్తారా, ఇలాగే మీ పూర్వీకుల ముందుకెళ్తారా?" అని అడిగింది. విజయవాడ దాటి గుడివాడ మీదుగా కైకలూరు వైపు మళ్లాం. అక్కడ రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. గాలి తిరిగేసరికి అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. రొట్టి మాత్రం, అప్పటిదాకా పచ్చి బాలింతలా పడుకున్నది కాస్తా, లేచి తల బయటపెట్టి, కళ్లు మూసుకుని, భీమవరం వచ్చేదాకా పీలుస్తూనే ఉంది. బారామాసీ నిష్ఠలో ఏదో తేడా ఉందని నాకు అక్కడే తట్టాలి.

చించినాడ దగ్గర వంతెన ఉంది. అయినా నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాలని నేనే పట్టుబట్టాను. పూర్వీకులు వంతెన మీద రాలేదు కదా అని వాదన. పంటు అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. పడవల మీద చెక్కలు పరిచిన కదిలే రేవు అనుకోండి. దాని మీదికి ఆటోలు, మోటారు సైకిళ్లు, చేపల బుట్టలు, అరటిగెలలు, పెళ్లిబృందం, మా కారు అన్నీ ఒకదాని సందులో ఒకటి ఇరికించేస్తారు. ఇంకొకటి పట్టదని మనకి నమ్మకం కుదిరాక ఇంకో మూడు ఎక్కిస్తారు. నది మధ్యకొచ్చాక అమ్మ చీర కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని గోదారమ్మ ఒళ్లో వేసింది. విసిరిన వస్తువు తెచ్చి ఇవ్వాలని మా అమ్మాయి రొట్టికి నేర్పింది. నేనూ, ఓ చేపల బుట్ట ఆవిడా, పెళ్లికొడుకు మేనమామా కలిసి గొలుసు లాగకపోతే అమ్మ మొక్కు వెనక్కి వచ్చేసేదే.

ఊరి మొదట్లో బోర్డు కనబడింది. పచ్చటి పలక మీద తెల్లటి అక్షరాలతో మా ఇంటిపేరు. నాకు ఒళ్లు ఝల్లుమంది. కారు ఆపి ఫొటో తీసుకుందామని దిగితే, నాకన్నా ముందు రొట్టి దిగి, ఆ స్తంభం దగ్గర కూర్చుని తన సంతకం చేసి వచ్చింది. ఆ సంతకం చదవడానికి కొబ్బరితోట లోంచి నాలుగు కుక్కలు వచ్చాయి. మొదట మొరిగాయి. తరవాత దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, వాసన చూసి, తోకలూపాయి. ఒక్క నిమిషంలో పని అయిపోయింది.

మాకు అంత తొందరగా తేలలేదు. మనుషుల్లో వాసన చూసే పద్ధతి లేదు, దాని బదులు గోదావరి జిల్లాల్లో ఒక ప్రశ్న ఉంది. రావిచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాయన అడిగాడు.

"తమరెవరి తాలూకానండి?"

చెప్పాను. హైదరాబాదు నుంచి అన్నాను. అది కాదండి, ఎవరి తాలూకా అన్నాడు. కాకినాడ అన్నాను. అదీ కాదండి అన్నాడు. మా ఇంటిపేరు చెప్పి, ఇదే మా ఊరండి అన్నాను. ఆయన పక్కనున్నాయన వైపు చూశాడు. పక్కనున్నాయన సైకిలాపి నిలబడ్డ ఇంకొకాయన వైపు చూశాడు. ఈలోగా రొట్టి కొత్త స్నేహితులతో తోటలోకి పోతుంటే నేను కంగారుపడి "రొట్టీ! రొట్టీ!" అని కేకపెట్టాను.

"అయ్యో, ఆకలి మీదున్నట్టున్నారండి బాబూ" అని మొదటాయన చటుక్కున లేచాడు. "మేస్టారింటికి పదండి. ఊరి సంగతులన్నీ ఆరికే తెలుసండి. బోయినం కూడా అక్కడే అయిపోద్దండి."

మేస్టారు రిటైరైన హెడ్మాస్టరు. పెంకుటిల్లు, ముందు వసారా, వెనక కొబ్బరితోట, తోట చివర పంటకాలవ. మా ఊరంటే ఇలాగే ఉండాలని నేను చిన్నప్పటినుంచీ ఊహించుకున్నది ఊహించుకున్నట్టే ఉంది. ఒక్క ఇబ్బంది, అది మాది కాదు. మంచినీళ్లిచ్చి, విషయం విని, ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, నన్ను బెంచీ ఎక్కించబోతున్నట్టు చూశారు.

"వీరేశలింగంగారు ఎక్కడ పుట్టారండి?"

"కందుకూరులో" అన్నాను.

"రాజమండ్రిలోనండి. 1848. ఆరి పెద్దలెప్పుడో కందుకూరు వదిలేసి వచ్చారండి. పోనీ ప్రకాశం పంతులుగారు?"

ఒకసారి కాలింది కాబట్టి జాగ్రత్తపడ్డాను. "టంగుటూరులో మాత్రం కాదు."

"తెలివొచ్చిందండి. వినోదరాయునిపాలెంలో. మరి మీ ఇంటిపేరోళ్లు ఈ ఊళ్లో ఎందుకుంటారండి? ఊళ్లో ఉన్నోణ్ణి ఎవరైనా ఊరి పేరుతో పిలుస్తారేటండి? ఇక్కడందరూ ఈ ఊరోళ్లే కదండి. వదిలేసి పోయి ఇంకో ఊళ్లో తేలితే అప్పుడు ఆళ్లంటారండి, ఫలానా ఊరి నుంచొచ్చినోడు అని. ఊరు పోయాకే పేరొచ్చుద్దండి."

నాకు నోట మాట రాలేదు. యాభై రెండేళ్లుగా నేను గర్వంగా మోస్తున్న పేరుకి అర్థం 'ఇక్కడ లేనివాడు' అని. అమ్మ మాత్రం తగ్గలేదు. "ఎందుకు వదిలేశారంటారు మావాళ్లు?" అని అడిగింది.

"ఎప్పుడండి?"

నాలుగైదు తరాల లెక్క వేసి, ఆనకట్టకి ముందే అయి ఉండాలని తేల్చాం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అంతకు ముందు గోదావరి పక్కనే ఉన్నా పొలానికి వానే దిక్కు. కరువులు, ఉప్పెనలు. ఆనకట్ట వచ్చాక కాలవలు, కాలవల వెంట వరి, కొబ్బరి, డబ్బు. అంటే మా పూర్వీకులు కష్టమంతా ఇక్కడ పడి, సరిగ్గా సుఖం మొదలయ్యే ముందు మూటాముల్లే సర్దుకున్న మహానుభావులన్నమాట. ఇది వినగానే నాకు ఏ రుజువూ అక్కర్లేకపోయింది. స్థలం అమ్మేసిన మర్నాడు పక్కన రింగురోడ్డు పడటం మా ఇంటా వంటా ఉన్నదే. కచ్చితంగా వాళ్లు మావాళ్లే.

"మావోళ్లు కాలవలు తవ్వాక వచ్చారండి" అన్నారు మేస్టారు, కాస్త మొహమాటంగా. "ఒంగోలు అవతల నుంచండి."

అప్పటికి లోపలి నుంచి వాసన మొదలైంది.

పనసపొట్టు గురించి ఇక్కడ కాస్త నిలబడాలి. లేత పనసకాయ, గింజ ముదరనిది కావాలి. చేతులకీ కత్తికీ నూనె రాసుకోకపోతే జిగురు వారం రోజులు వదలదు. ముళ్ల చెక్కు తీసి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని కత్తితో టకటకటకా కొట్టి కొట్టి పొట్టు చేయాలి. మా అమ్మ దాన్ని కొయ్యడం అనదు, కొట్టడం అంటుంది. పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, నీళ్లు గట్టిగా పిండి, శెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, అల్లం, జీడిపప్పుల పోపులో వేసి, చింతపండు పులుసు పొయ్యాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష ఆవ. ఆవాలు పచ్చివి నూరి, ఆ ముద్దని పొయ్యి మీద ఉండగా కలిపితే కూర చేదెక్కిపోతుంది. గిన్నె దించి, ఆవిరి తగ్గాక, పచ్చినూనెతో కలపాలి. అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకోగానే ఘాటు ముక్కులోంచి నడినెత్తికి పోయి, కంట్లో ఒక చుక్క నిలబడి, మళ్లీ ఇంకో ముద్దకి చెయ్యి పోతుంది.

అరిటాకులు వేశారు. మేస్టారి కోడలు వడ్డిస్తోంది. అమ్మాయి ఎక్కువ మాట్లాడటం లేదు. అమ్మ మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేమందరం తీర్పు కోసం ఆగాం. కంటి చివర చుక్క వచ్చింది. ఆవదా, మరొకటా అన్నది చెప్పలేను.

"మా అత్తగారి చెయ్యి" అంది. "అచ్చం ఆవిడ చెయ్యే. ఏ చుట్టరికమూ అడగక్కర్లేదురా. ఇది మన ఊరే. ఈ నీళ్లకి తప్ప ఈ రుచి రాదు."

మేస్టారు తల పంకించారు. నా కళ్లూ చెమర్చాయి. కోడలు మురిసిపోయి గరిటె నిండా తెచ్చి అమ్మ ఆకులో వేస్తూ, "మంచిగ కుదిరిందా అమ్మా? ఇంకింత ఏస్కోండ్రి" అంది.

అమ్మ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది.

"ఏ ఊరమ్మా మీది?"

"జగిత్యాల."

మేస్టారు ఆకులోకి చూస్తూ గట్టిగా దగ్గారు. అమ్మాయీ, ఆయన కొడుకూ హైదరాబాదులో ఒకే ఆఫీసట, పెళ్లయ్యాక ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నారట. అత్తగారు కూతురి పురుటికని అమెరికా వెళ్లి అయిదు నెలలైంది.

"మామయ్యకు పనసపొట్టు లేకుంటే ముద్ద దిగది అమ్మా. గందుకే యూట్యూబ్ల చూసి నేర్చుకున్న" అంది ఆ పిల్ల, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

గోడమీది గడియారం టిక్కుటిక్కు వినబడింది. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ తాగి పొలమారింది. అమ్మ మాత్రం ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. "ఆ వీడియో చెప్పినావిడది ఏ ఊరో చూడు" అంది. ఫోన్ వచ్చింది. వీడియో పెట్టిన తెలుగావిడ ఉండేది న్యూజెర్సీలో. కత్తి లేదు, నూనె లేదు, జిగురు లేదు. ఆవిడ పనసకాయని రేకు డబ్బాలోంచి తీసింది. మా అమ్మ జీవితంలో పనసకాయ డబ్బాలోంచి రావడం అదే మొదటిసారి చూడటం. ఎంగిలి చేయి ఎండిపోతున్నా చివరిదాకా చూసింది. ఆఖర్న ఆవిడ గిన్నె పక్కకి దించి, కాస్త ఆగి, ఆవముద్ద కలిపింది.

"చూశావా?" అంది అమ్మ నా వైపు తిరిగి, "దించాకే వేసింది. మనవాళ్లే."

కోడలి చేత మారు వడ్డించుకుంది. భోజనమయ్యాక వంటింట్లోకి వెళ్లి, ఆవాలు నూరేటప్పుడు ఓ ఎండుమిరపకాయా చిటికెడు పసుపూ వేస్తే ఘాటు ఇంకా నిలుస్తుందని ఆ పిల్లకి చెప్పింది. దానికి బదులుగా ఆ పిల్ల సర్వపిండి ఎలా గిన్నెకి ఒత్తాలో చెప్పింది. రెండు గంటలు ఇద్దరూ బయటికి రాలేదు.

ఈలోగా నేను రొట్టిని వెతుక్కుంటూ తోట వెనక్కి వెళ్లాను. బాదం ఆకులో పెట్టిన పెరుగన్నం పెట్టినట్టే ఉంది. కాలవ గట్టున నాలుగు కుక్కలూ కూర్చుని ఉన్నాయి. మధ్యలో మాది. దాని రెండు కాళ్ల మధ్యా ఒక చేప తలకాయ. ఇన్నేళ్ల నిష్ఠ. నన్ను చూసింది గానీ గుర్తుపట్టినట్టు లేదు. వెనకనుంచి అమ్మ ఎప్పుడొచ్చిందో, కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది.

"నేను చూళ్లేదు. నువ్వూ చూళ్లేదు. పద."

సాయంత్రం బయల్దేరేటప్పుడు మేస్టారు డిక్కీలో రెండు పనసకాయలూ, ఓ అరటిగెలా, పది కొబ్బరికాయలూ పెట్టించారు. రావులపాలెం మీదుగా వెళ్లి, ఆత్రేయపురంలో పూతరేకులు తీసుకోమన్నారు. తీసుకున్నాం. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఊరివో వాటికి కాగితం ఉంది, మాకు లేదు. ఏలూరు దాటేలోపు రొట్టి అట్టపెట్టెని మూత నుంచి మొదలుపెట్టి నమిలి తినేసింది. పూతరేకుల్ని మాత్రం కాగితం అనుకుందో ఏమో, వదిలేసింది.

కానీ దానికి ముందు, మేస్టారింటి గేటు దగ్గర ఒకటి జరిగింది. అమ్మ కారెక్కింది, మా ఆవిడ ఇంజను వేసింది. మేస్టారు నా కిటికీ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"బాబుగారండి, మీరెప్పుడైనా ఒంగోలు వైపు వెళ్తారేటండి?"

"వెళ్లొచ్చండి. ఏం?"

"మా ఇంటిపేరు ఊరు ఆ పక్కేనండి. నేనెప్పుడూ చూళ్లేదండి. వెళ్తే... మా ఇంటిపేరోళ్లు ఎవరైనా ఉన్నారేమో ఓసారి కనుక్కుంటారేటండి?"

పొద్దున్న నా చేత పాఠం అప్పజెప్పించుకున్న మనిషి. ఉండరని ఆయనకి నాకన్నా బాగా తెలుసు. అలాగేనండి అన్నాను. ఆయన జేబులోంచి కాగితం ముక్క తీసి ఇచ్చారు. ఇంటిపేరు, ఊరు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ముందే రాసి పెట్టుకున్నారు.

కారు కాలవ గట్టు ఎక్కింది. వెనక సీట్లో రొట్టి, చేపల వాసనతో, అమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని మూకుట్లో రొట్టిలా పడుకుంది. ముట్టుకోని అమ్మ, నిద్రపోతోంది కదా అని దాని వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

"మన పేరుతో ఇంకా రెండు ఊళ్లున్నాయన్నావు కదూ?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"ఆఁ. గుంటూరు వైపు ఒకటి, నెల్లూరు వైపు ఒకటి."

"గుంటూరు గోంగూర బావుంటుంది. ఒంగోలు కూడా ఆ దారేగా, పాపం ఆయన పనీ చూసినట్టుంటుంది." కాసేపు ఆగింది. "చింతపండు ఎప్పుడు నానబెట్టమంటావు?"